దళవాయిగారి కొత్త గుర్తుమాట

"ఇంత గొప్ప కోటకు 'చద్దన్నం' అనా గుర్తుమాట? ఛీ! మార్చేశాను. కొత్తది నాకు తప్ప నరమానవుడికి తెలియదు. అది చెప్పకపోతే నన్నైనా సరే లోపలికి రానివ్వకు!" అని తలుపు దగ్గర కావలి చెంచయ్యను గదిమి, దళవాయి భీమరాజు వేటకెళ్లాడు.

సాయంత్రం మదపుటేనుగు తరుముతుంటే పడుతూ లేస్తూ వచ్చి తలుపు బాదాడు.

"ప్రచండ మార్తాండ! తియ్యరా తలుపు!"

"అదే కొత్త మాటని నాకెలా తెలుస్తుంది దొరా? తమరు నాకూ చెప్పలేదుగా!"

"ఇప్పుడు చెబుతున్నా కదరా!"

"అడవిదొంగ వచ్చినా అలాగే అంటాడు దొరా. నాకు తెలిసిన మాట ఒక్కటే."

వెనకే ఏనుగు ఘీంకరించింది.

"చద్దన్నం! చద్దన్నం! చద్దన్నం!" కోటంతా వినపడేలా అరిచాడు దళవాయి.

తలుపు తెరుచుకుంది.

"ఇద్దరికీ తెలిసిన మాటే కదా దొరా, ఒక్కసారంటే చాలు!" అన్నాడు చెంచయ్య.