దాలయ్య లారీకి కొత్త బ్రేకులు

బ్రేకుల్లో తప్పు దొరకడం లేదు. గౌరీశును తినేస్తున్నది అదే.

వారం రోజులుగా అతను మెకానిక్ షెడ్డు వెనక పడేసిన దాలయ్య లారీని విప్పుతున్నాడు. సాలూరు ఘాట్‌లో ఆఖరి మలుపు దగ్గర జామాయిల్ కర్రల లోడుతో లోయలోకి పోయిన బండి అది. దాలయ్య అక్కడికక్కడే పోయాడు. ముప్ఫై ఏళ్ల పాత లారీ. ఆయిల్ బ్రేకులు తీసి ఎయిర్ బ్రేకులు కట్టింది గౌరీశే. కట్టాక అదే మొదటి ట్రిప్పు.

గాలి ట్యాంకు, పైపులు, వాల్వులు ఒక్కొక్కటీ విప్పి, తుడిచి, గోనెపట్టా మీద పేర్చాడు. ఎక్కడా లీకు లేదు. అన్ని చక్రాల్లోనూ బ్రేకు లైనర్లు మాత్రం బొగ్గయిపోయి ఉన్నాయి. ఎందుకు మాడాయో అంతు పట్టడం లేదు. టాప్ గేరులో దిగితే ఇంజను పట్టు లేక, బరువంతా బ్రేకుల మీదే పడి మాడతాయి, నిజమే. కానీ దాలయ్య ఘాట్‌లో రెండో గేరు దాటడని ఊరంతా ఎగతాళి చేసేది. వెనకున్న డ్రైవర్లు హారన్లు కొట్టి తిట్టిపోసినా ఆయన పాతికేళ్లు అలా నత్తలాగే దిగాడు.

శవం ఇంటికి వచ్చిన రోజు దాలయ్య భార్య ఎర్రమ్మ ఏడవలేదు. గౌరీశు చెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది.

"ఎలాగ పడిపోయిందో నువ్వైనా సెప్పు బావూ. నీకే తెలుస్తాది."

"పన్నెండోనాటికి సెప్తానత్తా" అన్నాడు.

రేపే పన్నెండో రోజు. తన తప్పు దొరికితే ఆమె కాళ్ల మీద పడొచ్చు. దొరకకపోతే ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? అన్నం సహించక, మనిషి సగమైపోయాడు.

షెడ్డు ముందు తవిటయ్య మేస్త్రి ఇంకో బండికి కమాన్ కట్టలు బిగిస్తున్నాడు. గౌరీశుకు పానా పట్టుకోవడం నేర్పింది ఆయనే. గౌరీశు తన పానాలన్నీ తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు.

"ఇంక నా వల్ల కాదు గురువుగారూ. ఈ పని మానీస్తాను. ఒక్కటి సెప్పండి. నాను ఎక్కడ తప్పు కట్టాను?"

తవిటయ్య మాటల మనిషి కాడు. చేతులు గుడ్డకు తుడుచుకుని లేచాడు.

"అన్నీ ఇప్పి సూసావా?"

"సూసాను."

"కేబిన్ సూసావా?"

గౌరీశు తల దించుకున్నాడు. కేబిన్‌లో దాలయ్య రక్తం ఉంది. పెడల్ కింది వాల్వు కూడా బండి కిందికి దూరి విప్పాడు గానీ, ఆ తలుపు వైపు కన్నెత్తి చూడలేదు.

మేస్త్రి గడ్డపార పెట్టి, నొక్కుకుపోయిన తలుపు ఊడదీశాడు. శిష్యుడి మణికట్టు పట్టుకుని లోపలికి లాగి, ఆ చేతిని గేరు రాడ్డు మీద పెట్టాడు. పెట్టి వదిలేశాడు.

రాడ్డు వంగి, బిగుసుకుపోయి ఉంది. కళ్లు తెరిచి చూడక్కర్లేకపోయింది. చేతికే తెలిసిపోయింది. టాప్ గేరు.

"మావ టాప్‌లో ఎందుకు దిగుతాడు?" అన్నాడు గౌరీశు. అంటుండగానే దాలయ్యకు తాళం ఇచ్చిన రోజు గుర్తొచ్చింది.

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. పని చేసినవాడే బండి తాళం ఇవ్వాలి, ఇస్తూ డ్రైవరుకు ఒక మాట చెప్పాలి. తవిటయ్య ఎప్పుడూ చెప్పేది ఒకటే మాట, "నెమ్మది" అని. ఆ రోజు మొదటిసారిగా తాళం ఇచ్చే వంతు గౌరీశుకు వచ్చింది. ఎయిర్ బ్రేకులు ఒంటిచేత్తో కట్టానన్న గర్వం నెత్తికెక్కి ఉంది. పైగా నలుగురు డ్రైవర్లు చూస్తున్నారు.

"ఇంకా ఆ రెండో గేరేటి మావా! టాప్‌లో దిగిపో. కాలెడితే సాలు, ఎక్కడికక్కడ నిలబడిపోద్ది" అన్నాడు.

పాతికేళ్లు ఎగతాళి పడ్డ దాలయ్య చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు.

గౌరీశు రాడ్డు మీది నుంచి చెయ్యి తియ్యలేకపోయాడు. "బ్రేకులు బాగానే కట్టాను" అన్నాడు. అంత ఘోరమైన మాట అతను జన్మలో అని ఉండడు.

"బాగానే కట్టావు. పాత బ్రేకుల్తో పాటు ఆడి బయం కూడా తీసీసావు" అన్నాడు తవిటయ్య.

తర్వాత కేబిన్‌కు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు.

"నాను పక్కనే ఉన్నాను కదరా. ఇన్నాను. నా సిస్యుడు ఎంత పనోడయ్యాడో అని నవ్వీసాను."

మేస్త్రి ఆ పానాలు తీసి శిష్యుడి చేతికి ఇవ్వలేదు. తీసుకోమనీ అనలేదు. అవి సాయంత్రం దాకా ఎండలోనే పడి ఉన్నాయి.

మర్నాడు ఇద్దరూ కలిసే వెళ్లారు. ఎర్రమ్మ గుమ్మంలోనే కనిపెట్టుకుని ఉంది.

"బ్రేకుల్లో తప్పేటి దొరికింది బావూ?"

గౌరీశు గురువు వైపు చూశాడు. తవిటయ్య భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"తప్పు బ్రేకుల్లో నేదత్తా" అన్నాడు గౌరీశు, ఆమె కాళ్ల దగ్గర కూర్చుంటూ.