దేముడమ్మ సగం మాట

చెరుకు తోటలో చిన్ని చిలకా
పొగ లేచింది పోకే అటు ఇంకా
ముక్కున ఉన్నది తీపి పలుకు…

ఆ తర్వాత ఏదో ఉంది బుజ్జమ్మా. "కులుకు" అని వస్తుందో, "ఉలుకు" అని వస్తుందో. గానుగ ఎద్దుల వెనక తిరుగుతూ పాడుకున్న పాట. అప్పుడు మీ అమ్మమ్మకి, అదే నాకు, నీ అంత వయసు. పక్కన ఇంకో పిల్ల పాడేది. నాలుగో వరస ఎప్పుడూ ఆ పిల్లదే. అందుకే మీ అమ్మమ్మకి మూడే వచ్చు.

పోనీలే. పాట లేకపోతే కథ ఉంది. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఊఁ కొడుతూ ఉండాలి సుమా. నువ్వు ఊఁ అనకపోతే కథ ఎక్కడిదక్కడే చతికిలబడిపోతుంది.

అనగనగా ఒక ఊళ్ళో గాలి కూడా తియ్యగా వీచేదట. ఆ ఊరి పేరు గెడ్డవలస. గెడ్డ అంటే చిన్న ఏరు. ఏటి పక్కన చెరుకు తోటలు, తోటల పక్కన తాటాకు పాకలు, పాకల్లో పెద్ద పెద్ద పొయ్యిలు. చెరుకు రసం పెనంలో పోసి, కాచి కాచి బెల్లం చేసేవాళ్ళు. ఆ పెనం ఎంత ఉండేదంటే, అందులో నిన్నూ మీ తమ్ముణ్ణీ పడుకోబెట్టి జోకొట్టొచ్చు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. సామెతలంటాం చూడు, పెద్దవాళ్ళ పాత మాటలు, వాటిని అక్కడ ఎవరూ ఒక్కరే పూర్తిగా చెప్పేవారు కాదు. పెద్దవాళ్ళు మొదటి సగం అనేవాళ్ళు. చిన్నవాళ్ళు రెండో సగం అందుకునేవాళ్ళు. అందుకున్నాకే పని ముందుకు కదిలేది. గడలు నాటడానికైనా అంతే, పొయ్యి అంటించడానికైనా అంతే. ఏ ఇంటి మాటలు ఆ ఇంటివే.

ఆ ఊళ్ళో దేముడమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది. సన్నటి మనిషి, గొంతు మాత్రం గంట. ఆవిడకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు అప్పలకొండ, చిన్నవాడు గంగులు. అప్పలకొండకి పెళ్ళైంది. వరాలు అనే పిల్ల కోడలుగా వచ్చింది. వరాలుది వరి పండే ఊరు. చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు.

మొదట్లో వరాలుకి ఆ సగం మాటలు భలే సరదాగా అనిపించాయి. దాగుడుమూతల్లాగ ఉన్నాయి. అత్త ఒక సగం నేర్పితే ఒక సగం నేర్చుకుంది. కొన్నే నేర్చుకుంది. మిగతావి పని ముందుకొచ్చినప్పుడు నేర్పుతానులే అంది అత్త.

అన్నిటికంటే ముందు నేర్చుకున్నది పెనం దించేటప్పటి మాట. పెనానికి అటు రెండు, ఇటు రెండు కడియాలు. ఒక పక్క అప్పలకొండ, గంగులు. ఇంకో పక్క వరాలు, పక్కింటి కన్నమ్మ. వాళ్ళ పాకకి వీళ్ళు, వీళ్ళ పాకకి వాళ్ళు సాయం వెళ్ళేవాళ్ళు. తడి గోనెపట్టాలు చేతికి చుట్టుకుని నలుగురూ నిలబడేవారు. పాకం కుతకుతమని ఉడుకుతుంటే పాక నిండా ఆవిరి. పక్కనున్న మనిషి మొహం కనపడదు.

అప్పుడు దేముడమ్మ పొయ్యికి ఎగువన నిలబడి మొదటి సగం కేకేసేది. నాలుగు వైపుల నుంచీ నలుగురూ రెండో సగం అందుకునేవాళ్ళు. ఆవిడ ఆ నాలుగు గొంతులూ విని, "అయితే ఎత్తండి" అనేది. పెనం పూలబుట్టలాగ పైకి లేచి, పాకం చెక్క దోనెలోకి జారేది.

ఆ మాటేమిటో చెప్పమంటావా? చెప్పలేను తల్లీ. ఎందుకు చెప్పలేనో, అదే ఈ కథ. ఊఁ అను.

ఒకసారి వరాలు వాళ్ళక్క చుట్టపుచూపుగా వచ్చింది. పాకలో కూర్చుని, వేడి బెల్లం ఆకులో పెట్టుకు తింటూ, అత్తాకోడళ్ళు మాటలు అందిపుచ్చుకోవడం చూసింది. పకపకా నవ్వింది. "మీ అత్త నోట్లోంచి మాట ఒక్కర్తీ రాలేదేటే? దానికీ తోడు పెళ్ళికూతురు కావాలా?" అంది.

అక్క వెళ్ళిపోయింది గానీ ఆ నవ్వు వెళ్ళలేదు. వరాలు చెవిలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత ఒకరోజు రసం మరిగి నురగ కడుతోంది. ఆ వేళకి సరిగ్గా కాస్త సున్నం వెయ్యాలి. అప్పుడే బెల్లం బంగారం రంగు తిరుగుతుంది. దేముడమ్మ కొబ్బరిచిప్పలో సున్నం పట్టుకుని మొదటి సగం అంది. వరాలు వింది. విని, విననట్టు పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోస్తూ కూర్చుంది.

దేముడమ్మ చిప్ప పట్టుకుని అలాగే నిలబడింది. జవాబు వస్తుందేమోనని చూసింది. రాలేదు. పొయ్యి చప్పుడులో వినపడలేదేమో అనుకుని, ఆఖరికి సున్నం వేసేసింది. అప్పటికే ఆలస్యమైపోయింది. బెల్లం నల్లగా వచ్చింది.

"ఈసారి బెల్లం మీ నాన్న రంగు తిరిగిందే," అని అప్పలకొండ పెళ్ళాన్ని ఆటపట్టించాడు. అందరూ నవ్వారు. వరాలుకి మాత్రం వేరేలా తోచింది. ఆ పాడు మాట కోసం కాచుకోబట్టే కదా బెల్లం నల్లబడింది, మాట లేకపోతే పని ఎంత చకచకా అయ్యేదో అనుకుంది. తన తప్పు తనకి అలా కనిపించింది. మనుషులకి అలాగే కనిపిస్తుంది బుజ్జమ్మా, చిత్రంగా.

ఆ తర్వాత ఇంకోరోజు కన్నమ్మ దూడ తాడు తెంపుకుని వీళ్ళ చెరుకులో పడింది. లేత మొక్కల తలలన్నీ కొరికేసింది. వరాలు కొంగు బిగించి కన్నమ్మ వాకిట్లోకి వెళ్ళింది. కన్నమ్మ ఏమీ తక్కువ తినలేదు. ఒకరి పుట్టింటిని ఒకరు తలుచుకునేదాకా వచ్చింది. వీధంతా పోగైంది.

అప్పుడు దేముడమ్మ గబగబా వచ్చి కోడలి భుజం మీద చెయ్యి వేసింది. మెల్లిగా ఒక మొదటి సగం అంది. పొరుగు మీద, దడి మీద అల్లిన మాటట అది. దానికి రెండో సగం వరాలుకి వచ్చు. అది ఒక్కటి అందుకుని ఉంటే గొడవ అక్కడితో ఆగేది. ఎందుకంటే ఆ మాట అందుకున్నాక ఇంకా తిట్టుకుంటే ఊళ్ళో నవ్వుతారు.

వరాలు అందుకోలేదు. అత్త చెయ్యి తీసేసి, వీధంతా వింటుండగా అంది: "నీ సగం మాటలు నువ్వే పూర్తి చేసుకో అత్తా. అంత నోరుంది కదా, రెండు సగాలూ పడతాయిలే."

వీధిలో ఎవరూ నవ్వలేదు. దేముడమ్మ మాత్రం చిన్నగా నవ్వింది. "సరేలే అమ్మీ," అని ఇంటికెళ్ళి బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

అప్పట్నుంచి ఆవిడ ఒక్క సగం మాటా అనలేదు. కోపంగా ఉందా అంటే లేదు. కోడలికి తల దువ్వేది, కూర బాగుందనేది. కానీ ఆ మాటలు మాత్రం ఎక్కడో మూట కట్టి అటక మీద పెట్టేసినట్టు పెట్టేసింది. వరాలుకి రెండురోజులు హాయిగా అనిపించింది. ఆ తర్వాత ఇల్లు ఏదో బోసిగా తోచింది. నేను చెప్పాలి, తప్పయిందత్తా అని చెప్పాలి అనుకునేది. రేపు చెబుదాంలే అనుకునేది.

ఊఁ అను తల్లీ. నిద్రొస్తోందా? ఇంకొంచెమే.

ఆ తర్వాత మళ్ళీ పాకం కాచే రోజు వచ్చింది. పొద్దున్నే గానుగ కట్టారు, మధ్యాహ్నానికి పాకం ముదిరింది. దించాలి. కన్నమ్మ రాలేదు. పోట్లాట అయింది కదా మరి, ఎందుకొస్తుంది? మూడో కడియానికి మనిషి ఉంది, నాలుగో కడియానికి లేదు. అప్పుడు దేముడమ్మ కేకేసే చోటు వదిలేసి, కన్నమ్మ నిలబడే చోట తను నిలబడింది. ఇక కేకేసేవాళ్ళు లేరు.

పాక నిండా ఆవిరి. వరాలు చేతికి చుట్టుకున్న గోనెపట్టా ఆరిపోయింది. తడుపుకుందామని పక్కనే ఉన్న నీళ్ళ తొట్టి దగ్గర వంగింది. అదెవరికీ కనపడలేదు. "కానీండి," అన్నాడు అప్పలకొండ. అటు పక్క ఇద్దరూ ఎత్తేశారు. ఇటు పక్క దేముడమ్మ ఎత్తింది. వరాలు పట్టాల్సిన కడియం దగ్గర ఎవరూ లేరు.

పెనం ఒక మూల ఒరిగిపోయింది. అది ఒరిగింది సరిగ్గా తొట్టి వైపే, వంగి ఉన్న వరాలు వీపు వైపే. దేముడమ్మకి అప్పుడు కనిపించింది. వదిలేసి వెనక్కి దూకితే తను తప్పించుకునేది. వదల్లేదు. రెండు కడియాలూ తానే పట్టుకుని, ఆ సన్నటి ఒంటితో పెనాన్ని తన వైపుకి లాక్కుంది. పాకం కొంత పొర్లి ఆవిడ పాదాల మీద పడింది. పెనం నేల మీద కూర్చునేదాకా ఆవిడ కడియాలు వదల్లేదు, కేక కూడా వెయ్యలేదు.

అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది ఎవరో తెలుసా? కన్నమ్మ. కుండలు కుండలు చన్నీళ్ళు పోసింది. బండి కట్టించి పట్నం ఆసుపత్రికి తీసుకుపోయింది. దారిలో, "ఇవాళ కేకెవరేశారే?" అని వరాలుని ఒక్కసారి అడిగింది.

పాదాలు మానాయి గానీ నడక మునుపటిలా రాలేదు. దేముడమ్మ మంచానికే అంటుకుపోయింది. ఆ మంచం పక్కనే వరాలు కూర్చునేది. కాళ్ళకి నూనె రాసేది. రాస్తూ రాస్తూ ఒకరోజు, "తప్పయిందత్తా. ఆ మాటలన్నీ నాకు చెప్పవా?" అని అడిగింది. దేముడమ్మ నవ్వింది. "అలా వరసగా రావే అవి. పని ముందుంటే వస్తాయి," అంది.

అయినా కోడలి మొహం చూసి, కళ్ళు మూసుకుని తలుచుకుంది. మొదటి సగాలు ఒక్కొక్కటే వచ్చాయి. గింజ మీద ఒకటి, వాన మీద ఒకటి, ఇంటికొచ్చిన చుట్టం మీద ఒకటి. ఆ ఇంట్లో ఎవరి చెయ్యో కాలితే ఒక మాట పుట్టింది, ఎవరి పంటో మునిగితే ఇంకో మాట పుట్టింది. ఆ దెబ్బ మనకి తగలకుండా వాళ్ళు ఆ మాటని మనకి ఇచ్చిపోయారు.

కానీ రెండో సగం దగ్గరికి వచ్చేసరికి దేముడమ్మ ఆగిపోయింది. "ఏటోనే వరాలూ… రెండోది నేనని ఎన్నాళ్ళయిందో. కోడలిగా ఉన్నప్పుడు అన్నదే. అత్తనయ్యాక మొదటిదే కదా నా వంతు," అంది.

విన్నావా బుజ్జమ్మా? రెండో సగాలు చిన్నవాళ్ళ నోళ్ళలో బతకాలి. చిన్నదాని నోరు మూసుకుపోయింది. పెద్దదాని తలలోంచి అవి ఎప్పుడో జారిపోయాయి. వరాలు కన్నమ్మని అడిగింది. కన్నమ్మకి ఆ పెనం మాట తప్ప మిగతావన్నీ తన ఇంటి మాటలే వచ్చు. గంగులుని అడిగింది, అప్పలకొండని అడిగింది. మిగతావి అత్తాకోడళ్ళ మధ్య నడిచే మాటలు, వాళ్ళకి వచ్చినవి తనకి వచ్చిన ఆ కొన్నే. ఆ తర్వాత ఆ కొన్నీ కూడా, అనేవాళ్ళు లేక, ఒక్కొక్కటే చెదిరిపోయాయి.

మీ అమ్మమ్మకి అక్షరాలు ముసలితనంలో వచ్చాయి కదా. పుస్తకంలో మొదటిసారి సామెతలు చదివినప్పుడు ఎంత వింతగా అనిపించిందో. రెండు సగాలూ పక్కపక్కనే అచ్చేసి ఉన్నాయి. ఎవరూ అందుకోనక్కర్లేదు. చదివేసి పుస్తకం మూసేయొచ్చు. మంచిదే, పోకుండా ఉంటాయి. కానీ అవతల మనిషి ఉన్నదో లేదో పుస్తకానికి ఎలా తెలుస్తుంది? ఇప్పుడు ఫోన్లో మీ అమ్మ అడుగుతుంది చూడు, "వినపడుతోందా, లైన్లో ఉన్నావా" అని? అది అడిగాకే అసలు సంగతి చెబుతుంది. గెడ్డవలసలో ఆ పాతకాలం వాళ్ళు అడిగిందీ అదేనేమో.

దేముడమ్మ ఆఖరిరోజున చూపు మసకేసిపోయింది. పట్టపగలే, వాకిట్లో ఎండ కాస్తూనే ఉంది. ఆవిడకి మాత్రం అంతా ఆవిరిలా ఉన్నట్టుంది. చేతులు కడియాల కోసం వెతుకుతున్నట్టు దుప్పటి మీద తడుముకుంది. అప్పుడు, అన్నాళ్ళ తర్వాత, గొంతు కూడదీసుకుని ఒక మొదటి సగం అంది. ఏ పనిదో, ఏ వేళదో. వరాలు ఎప్పుడూ విననిది.

అటు అప్పలకొండ, గంగులు. ఇటు కన్నమ్మ, వరాలు. మంచానికి నాలుగు వైపులా నలుగురూ ఉన్నారు. ఒక్కరికీ రెండో సగం తెలీదు. దేముడమ్మ చెవి ఒగ్గి ఎదురు చూస్తోంది. వరాలుకి ఏడుపు ముంచుకొచ్చింది. "నాకు రాదత్తా," అంది.

"రాకపోతే పోనీవే," అంది దేముడమ్మ. "ఉన్నావా?"

"ఉన్నానత్తా," అంది వరాలు. ఒకరి తర్వాత ఒకరు మిగతా ముగ్గురూ అన్నారు, ఉన్నామని.

అంతే తల్లీ. అయిపోయింది.

కథేమో కంచికి నడిచెళ్ళింది,
కునుకేమో కంటికి నడిచొచ్చింది,
చెరుకు తోటలో చిలకమ్మా,
ఊఁ అనవే నువు బుజ్జమ్మా.

ఏంటీ? ఇంకా పడుకోలేదూ? వాళ్ళందరూ ఉన్నామన్నాక దేముడమ్మ ఏమందనా? ఆ నాలుగు గొంతులూ విని, హమ్మయ్య అన్నట్టు తల దిండుకి ఆన్చి, ఎప్పుడూ అనేదే అంది.

"అయితే ఎత్తండి."