మాల ఎవరి మెడలో

మఠం వాకిట్లో గుర్రం ఆగీ ఆగకముందే బేతన కేకేశాడు.

"గురువుగారూ, గెలిచాం! గట్టమ్మతల్లి పేరు చెప్పుకుని ఒక్క ఊపు ఊపాం. ఏటమ్మ సేన పరుగో పరుగు!"

ఏటికి ఈవలి రాజ్యం గట్టమ్మను కొలుస్తుంది, ఆవలి రాజ్యం ఏటమ్మను. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. బేతన గట్టమ్మ సేనకు నాయకుడు, పరదేశయ్యగారి శిష్యుడు. ఆనందంతో మనిషి నేలమీద నిలవడం లేదు. వెనకాల బండిమీద నగారా, చేతిలో ఇంత లావు బంతిపూల మాల!

"మావాళ్ళలో ఒక వీరుడికి మీ చేత్తో ఈ మాల వేయండి. వెంటనే నగారా మోగిస్తాం. అది వినపడిందంటే మా సేన ఏరు దాటేస్తుంది. పొద్దుగూకేలోగా వాళ్ళ ఊళ్ళన్నీ మనవే!"

పరదేశయ్యగారు పసరు నూరుతున్నారు. "నాకు తీరిక లేదు నాయనా. విరిగిన కాళ్ళకు కట్టడానికి బద్దలు కూడా చాలడం లేదు. దెబ్బలు తిన్నవాళ్ళు లోపలున్నారు, నువ్వే వేసిరా."

ఆ మఠంలో ఒక కట్టడి ఉంది. గాయపడి వచ్చినవాడు ఎవరైనా సరే, కవచం, బట్టలు గుమ్మం బయటే విప్పించేస్తారు. అందరికీ ఒకటే కావిపంచె. ఏ పక్షమని అడగరు. బేతనకు అది తెలియక కాదు, ఆ ఊపులో గుర్తుంటేగా!

మొదటి చాపమీద ఒక గడ్డపాయన, పొట్టకు కట్టుతో పడుకుని ఉన్నాడు. బేతనను చూడగానే ఆయన అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"తమ్ముడూ, గెలిచింది మనమేనా?"

బేతన గుండె పొంగిపోయింది. "మనమే అన్నా, మనమే!" అంటూ వంగి మాల వేశాడు. కళ్ళ నీళ్ళు ఆగలేదు.

ఆయన ముఖం వెలిగిపోయింది. ఉన్న ఊపిరంతా కూడదీసుకుని అరిచాడు.

"జై ఏటమ్మా!"

ఆ కేకతోనే తల వాలిపోయింది.

బేతన కొయ్యబారిపోయాడు. మాల తీసేయబోయాడు. చెయ్యి రాలేదు.

బయటినుంచి నగారావాళ్ళు అరుస్తున్నారు. "దొరా, ఇక మోగించమంటారా?"

పరదేశయ్యగారు గుమ్మంలో నిలబడ్డారు. "చెప్పు నాయనా, ఏ తల్లి పేరున మోగించమంటావు?"

బేతన బయటికి వెళ్ళాడు. నగారావాళ్ళ చేతుల్లోంచి కర్రలు లాక్కుని వచ్చి గురువుగారి ముందు పెట్టాడు.

"కాళ్ళకు కట్టడానికి ఇవి పనికొస్తాయా, గురువుగారూ?"