తలుపు వెనకాల కవర్ల కవరు

అనగనగా ఒక ఊళ్ళో రాజూ లేడు, రాణీ లేదు, అడక్కు. ఊరి చుట్టూ కర్రపెండలం చేలు, ఊరి చివర సగ్గుబియ్యం మిల్లు, అంతే. ఆ మిల్లులో దుంపలకి తొక్క తీసే పని నూకరత్నానిది. మంచి మనిషే గానీ కోపం ముక్కు మీదే ఉండేది. ఎందుకుండదూ? వింటే నీకే తెలుస్తుంది. ముందు ఆ కాళ్ళాడించడం ఆపు.

నూకరత్నానికి రాగమ్మ అని ఒక ఆవు ఉండేది. రాగిచెంబు రంగు. పొద్దున్న పాలు పితికి వదిలేస్తే ఊరంతా తిరిగి సాయంత్రానికి తనే ఇంటికొచ్చేది. ఊళ్ళో వాళ్ళేమో అన్నం మిగిలితే, కూర పాడైతే, ప్లాస్టిక్ కవర్లో పోసి, మూతి గట్టిగా ముడేసి మరీ గోడవతల పారేసేవాళ్ళు. ఆవుకి చేతులున్నాయా, ముడి విప్పుకుని తినడానికి? కవరుతో సహా మింగేది.

ఒకరోజు రాగమ్మ మేత మానేసింది. అప్పుడు కడుపు ఉబ్బింది. ఆ తర్వాత పడుకున్నది మళ్ళీ లేవలేదు. పశువుల డాక్టరొచ్చి పొట్ట కోసి చూస్తే లోపల రెండు బుట్టల కవర్లు.

నూకరత్నం చాలా ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, రాగమ్మ కన్న దూడని దగ్గరికి తీసుకుంది. దాని ఒళ్ళంతా నువ్వులు చల్లినట్టు మచ్చలు. అందుకని దాని పేరు నువ్వులమ్మ. "మీ అమ్మని కవర్లకి ఇచ్చేశాను. నిన్ను మాత్రం ఇవ్వనే" అంది దాని మెడ నిమురుతూ.

ఇవ్వనంటే సరిపోతుందా? దూడని ఎన్నాళ్ళని కట్టేసి ఉంచుతుంది? ఇంటింటికీ వెళ్ళి చెప్పింది, కవర్లు పారెయ్యకండని. అందరూ తలూపారు. అయ్యో పాపం అన్నారు. సాయంత్రమయ్యేసరికి గోడవతల మళ్ళీ అవే కవర్లు, అవే ముడులు. నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది.

అప్పుడొకరోజు సగ్గుబియ్యం వడియాలు పెడుతోంది. కంచం అంచున కాస్త గంజి ఒలికి ఎండిపోయింది. గోటితో గీరితే పొరలా లేచొచ్చింది. ఎత్తి పట్టుకుంటే అవతల ఎండ కనబడింది. అచ్చం కవరు! దాన్ని నువ్వులమ్మ ముందు పెట్టింది. నువ్వులమ్మ నమిలి మింగి, ఇంకా ఉందా అన్నట్టు చూసింది.

ఇక చూడు. మిల్లులో తొట్టి అడుగున పేరుకునే దుంప పిండి ఇంత తెచ్చింది. మొదటిసారి ఉత్త గంజి కాచి పళ్ళెంలో పోసి ఎండబెట్టింది. అది అప్పడంలా పటుక్కున విరిగింది. రెండోసారి మెత్తగా ఉంటుందని నూనె కలిపింది. అది ఆరనూ లేదు, విరగనూ లేదు, చీమలకి పెళ్ళి భోజనమైంది. పళ్ళెం విసిరికొట్టి వారం రోజులు దాని వంక చూడలేదు.

ఆ తర్వాత చలికాలం వచ్చింది. పెదాలు పగిలాయని మందులకొట్లో గ్లిజరిన్ సీసా కొనుక్కుని రాసుకుంటోంది. రాసుకుంటూ రాసుకుంటూ ఆగిపోయింది. పగిలిన పెదవిని మెత్తబరిచేది పగిలే కవరుని మెత్తబరచదా? మూడోసారి గంజిలో గ్లిజరిన్ కలిపి, నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి, సన్నమంట మీద కలియబెట్టి, పలచగా పోసి ఎండబెట్టింది. సాయంత్రానికి లేచొచ్చింది చూడూ, వంచితే వంగింది, మడిస్తే మడతపడింది! అంచులకి అదే గంజి రాసి అతికించింది. అదీ దుంప కవరంటే.

మట్టిలో పాతితే కొన్నాళ్ళకి మట్టే అయిపోయింది. నీళ్ళలో నానబెడితే కరిగి కుడితయింది. కందిపప్పో, ఉల్లిపాయలో, పువ్వులో వేసుకుని ఇంటికి తెచ్చుకోవడానికి అంతకంటే ఏం కావాలి? ఇప్పుడు మొక్కజొన్నతోనూ చెరుకుతోనూ కూడా ప్లాస్టిక్ చేస్తున్నారట, గ్లాసులూ, ప్లేట్లూ, ఆఖరికి డాక్టర్లు కుట్లేసే దారం కూడానట. మీ నాన్న చెప్పాడు. నూకరత్నానికి ఇవేమీ తెలీవు. దానికి తెలిసిందల్లా ఒక దూడ.

కవర్లు ఊళ్ళో పంచిపెట్టింది. అందరూ ఆహా ఓహో అన్నారు. ఆహా అన్నవాళ్ళే కొంప ముంచుతారు, విను.

మొదట టిఫిన్ హోటలు గవర్రాజు. పెసరట్లు కట్టుకోవయ్యా అని ఇస్తే అందులో పొగలుకక్కే సాంబారు పోశాడు. అది వీధి మలుపు దాకా కూడా ఆగలేదు. కొన్నాయన పంచె నిండా సాంబారు. గవర్రాజు పరిగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా నీ కవరు? కరిగిపోయింది!"

"గంజితో చేశానని చెప్పానా లేదా? వేడివేడి సాంబారు పోస్తే కరక్క పాట పాడుతుందా?" అంది నూకరత్నం.

ఆ తర్వాత పక్కింటి కామాయమ్మ పిన్ని. ఈవిడ కవర్లు తీసుకుని ముద్దుగా ఉన్నాయని, వాడితే పాడైపోతాయని, నాలుగేసి మడతలు పెట్టి ట్రంకుపెట్టెలో పట్టుచీరల మధ్య దాచింది. ఎవరైనా తినేవి తీసుకెళ్ళి చీరల మధ్య పెడతారా? కొన్నాళ్ళకి పెట్టె తీస్తే కవర్లూ లేవు, చీర అంచూ లేదు. ఎలకలు కడుపునిండా తినిపోయాయి.

"ఒసే నూకరత్నం, నీ కవర్ల మూలాన నా పెళ్ళినాటి చీర పోయిందే" అని గుమ్మంలో కూలబడింది.

"పోవడానికే చేశాను పిన్నీ! అవి పోవాలి! దాచుకుంటారా ఎవరైనా కవర్లని?" అని నూకరత్నం నెత్తి కొట్టుకుంది.

నువ్వు నవ్వకు. మూడోది ఇంకా చెప్పలేదు.

వానాకాలం ముసురు పట్టింది. మూడు రోజులు తెరిపి లేదు. సంతకి ఇవ్వాలని నూకరత్నం చేసిపెట్టుకున్న కవర్లన్నీ చెమ్మకి మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి. విసుక్కుంటూ వంటింటి తలుపు లాగింది. తలుపు వెనకాల ఒక మేకు. మేకుకి ఒక ప్లాస్టిక్ కవరు. ఆ కవరు నిండా మడిచి మడిచి కుక్కిన కవర్లు. ఎప్పుడైనా పనికొస్తాయని రాగమ్మ బతికున్నప్పటి నుంచీ దాచుకున్నవి. రోజూ తలుపు తీస్తూనే ఉంది, వేస్తూనే ఉంది. ఒక్కరోజూ అది కంటికి ఆనలేదు.

అందులోంచి చీరల కొట్టు వాళ్ళిచ్చిన పెద్ద కవరు లాగింది. దుంప కవర్లన్నీ అందులో పెట్టింది. చెమ్మ తగలకుండా మూతి గట్టిగా ముడేసింది. పశువుల పాకలో వాసానికి తగిలించింది.

తెల్లారి గడ్డి వెయ్యడానికి వెళ్తే వాసం ఖాళీ. నువ్వులమ్మ మెడ చాపి నిలబడి ఉంది. కళ్ళు తేలేస్తోంది. నోట్లోంచి చీరల కొట్టు కవరు అంచు వేలాడుతోంది. లోపల గంజి వాసన, పైన ముడి. నువ్వులమ్మకి మాత్రం చేతులున్నాయా?

నూకరత్నం గడ్డి వదిలేసి దూకింది. దవడ విడదీసి, మోచేతి దాకా గొంతులో చెయ్యి పెట్టి లాగింది. జారిపోయింది. మళ్ళీ లాగింది. పళ్ళు చేతికి దిగాయి, రక్తం వచ్చింది. మూడోసారి గుడ్డిగా పట్టుకుని వెనక్కి పడింది. కవరు చేతిలోకొచ్చింది. నువ్వులమ్మ దగ్గి, దగ్గి, ఊపిరి తీసుకుంది.

బురదలో కూర్చుని నూకరత్నం కవరు వంక చూసింది. లోపలి దుంప కవర్లు నలిగి ముద్దయిపోయాయి. ముడి మాత్రం చెక్కుచెదరలేదు. తిట్టడానికి నోరు తెరిచింది. ఎవర్ని తిడుతుంది? గవర్రాజు లేడు, కామాయమ్మ లేదు. ముడేసింది తన చెయ్యే.

"ఒసే బుద్ధిలేనిదానా! ఊరందరికీ చెప్పావు కదే! నీ తలుపు వెనకాల ఏముందో చూసుకోలేదేమే!"

ఆ అరుపులకి గోడవతల నుంచి కామాయమ్మ తొంగి చూసింది. "పొద్దున్నే ఎవర్నే తిడుతున్నావు?"

"నన్నే పిన్నీ" అని నూకరత్నం భోరుమంది. రాగమ్మ పోయిన రోజు కూడా అంతలా ఏడవలేదు.

ఆ తర్వాత ఆ కవర్ల కవరు దించి చెత్తబండి వాళ్ళ చేతిలో పెట్టింది. అంతటితో ఊరుకుందా? మేకు కూడా పీకేసింది. కామాయమ్మ అదంతా చూసింది. చూసి, ఇంటికెళ్ళి తన తలుపు వెనకాల మేకూ పీకింది.

అప్పటి నుంచి నూకరత్నం ఎవరికి కవరిచ్చినా ముందు ఒక మూల చింపి, వాళ్ళెదురుగానే నమిలి మింగి, "వేడి పొయ్యకు, దాచి పెట్టకు, ముడి వెయ్యకు" అని చెప్పి ఇచ్చేది. ఊరంతా మారిపోయిందనుకున్నావా? గవర్రాజు ఇంకోసారి చారు పోశాడు. అయినా గోడవతల ముడేసిన కవర్లు తగ్గాయి. నువ్వులమ్మ పెరిగి పెద్దదై, ఈని, పాలిచ్చి, ముసలిదయ్యేదాకా ఊరంతా తిరిగింది.

ఏంటీ? మన వంటింటి తలుపు వెనకాల వేలాడేదేంటంటావా? అదా... అది... ఎప్పుడైనా పనికొస్తాయని... అబ్బబ్బ, కథ చెప్తే కథ వినాలి గానీ ఇల్లంతా వెతుకుతారా? సరే, సరేనే తల్లీ. పొద్దున్న లేవగానే ఇద్దరం కలిసి దించుదాం. మేకు నువ్వే పీకుదువుగాని. ఇప్పుడు కళ్ళు మూసుకో.

గంజి కవరు మట్టికి,
గడ్డి పరక దూడకి,
ముడి విప్పుకుని కథ కంచికి,
ముసుగు తన్నుకుని మనం మంచానికి.