పెంకులు కొట్టి చూసే భూలోకం

గోదావరి గట్టు పక్కనున్న ఒక పెంకుల ఫ్యాక్టరీలో భూలోకం అనే మహా అనుమానపు మనిషి పనిచేస్తూ ఉండేవాడు. బట్టీలోంచి వచ్చిన ప్రతి పెంకునూ వేలి కణుపుతో కొట్టి చూడటం అతని పని. ఖంగుమంటే మంచి పెంకు, ఇటు పేర్చాలి. బొంగురుపోతే లోపల పగులున్నట్టు, అటు పారెయ్యాలి. ఇరవై ఏళ్ళలో ఒక్క పగులు పెంకు కూడా అతని చెయ్యి దాటి పోలేదు. ఆ పనికి అనుమానం ఉండాల్సిందే. కాని భూలోకం దాన్ని ఫ్యాక్టరీ గేటు దగ్గర వదిలేసి ఇంటికి వచ్చేవాడు కాదు. పాలు పోసే ఆవిడ నవ్వితే నీళ్ళు కలిపిందనుకునేవాడు. నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపిందనుకునేవాడు.

కాలం మారింది. అందరూ డాబాలు వేసుకుంటున్నారు, పెంకులు కొనే నాథుడు లేడు. ఒకరోజు ఫ్యాక్టరీ మూసేశారు. నెలాఖరుకల్లా క్వార్టర్లు ఖాళీ చెయ్యమన్నారు. ఊళ్ళో ఇంకో పని లేదు. భార్య వరాలమ్మనీ, కూతురు నాగమణినీ తీసుకుని ఎక్కడికో ఒకచోటికి పోవాలి. ఎక్కడికి పోవాలన్నదే ప్రశ్న.

అప్పుడే గూడూరు నుంచి కార్డు వచ్చింది. రాసినవాడు అబ్బులు. రెండేళ్ళ క్రితం దాకా భూలోకం పక్కన కూర్చుని పెంకులు పేర్చినవాడు.

"ఒరే భూలోకం, మా ఫ్యాక్టరీలో మట్టి గొట్టాలు చేస్తారు. కొట్టి చూసే మనిషి కావాలంటే నీ పేరు చెప్పాను. నెలాఖరు దాకా ఆగుతామన్నారు. ఇల్లు కూడా చూసి ఉంచాను. ఎండలెక్కువ, నీళ్ళు కాస్త ఉప్పన. పని మాత్రం ఖాయం. వచ్చెయ్యి."

వరాలమ్మ మొహం వెలిగిపోయింది. "దేవుడల్లే రాశాడండీ. ఎప్పుడు బయల్దేరదాం?"

భూలోకం కార్డు వెనక్కి తిప్పి చూశాడు, ముందుకు తిప్పి చూశాడు. "ఎండలనీ, ఉప్పునీళ్ళనీ ఎందుకు రాశాడో తెలుసా? చెడ్డ కాస్త చెబితే మంచి కూడా నమ్మేస్తామని! ఊరికే ఉద్యోగం ఎవడిస్తాడే ఈ రోజుల్లో? ఇందులో ఏదో ఉంది."

"ఏముంటుందండీ? స్నేహితుడు కదా!"

"అదే నా అనుమానం," అన్నాడు భూలోకం.

అబ్బులుకి చెప్పకుండా, తన కళ్ళతో తనే చూసి వద్దామని రైలెక్కాడు. మర్నాడు పొద్దున గూడూరులో దిగి, ఫ్యాక్టరీ దగ్గరున్న టీ కొట్టులో కూర్చుని కూపీ లాగాడు. "మంచి ఫ్యాక్టరీనే అన్నా. జీతాలు టయానికి ఇస్తారు," అన్నాడు టీ కొట్టు మనిషి. వీడికి అబ్బులు ముందే నేర్పి పెట్టాడు అనుకున్నాడు భూలోకం. ఫ్యాక్టరీ గేటు దాకా నడిచి లోపలికి తొంగి చూశాడు. ముసలి వాచ్‌మన్ లేచి వచ్చాడు.

"ఎవురు కావాల? యాడ్నించి వస్తుండారు?"

"గోదావరి వైపు నుంచి."

"అయితే భూలోకం అంటే మీరేనా! మీరొస్తే నేరుగా లోపలికి తీసుకురమ్మని అబ్బులన్న వారం నుంచి చెప్తుండాడు. రాండి సామీ, రాండి!"

ఆ మాటతో భూలోకం అనుమానం రెట్టింపయింది. నా పేరు గేటు దాకా వచ్చిందంటే వల బాగానే పన్నారు! రాండి రాండి అని ఎవరైనా ఉత్తినే పిలుస్తారా? "నేను కాదు, నేను వేరే," అంటూ గిరుక్కున తిరిగి స్టేషనుకి పరుగు లాంటి నడక నడిచాడు. ఎండలో నిలబడి వాచ్‌మన్ పాపం అలాగే చూస్తూ ఉండిపోయాడు.

తిరుగు రైల్లో అతని ఎదుట ఒక నెరిసిన మీసాల పెద్దమనిషి కూర్చున్నాడు. కాళ్ళ కింద సంచీని రెండు కాళ్ళతో నొక్కిపట్టి, పక్కవాళ్ళందర్నీ కొరకొరా చూస్తున్నాడు. భూలోకానికి ఆ చూపు ఎంతో నచ్చింది. మాట కలిపాడు.

"నా పేరు పరంధామం అంటాను. మీరెందుకు నమ్మాలి? నమ్మకండి," అన్నాడు ఆయన. "ఈ లోకంలో ఎవర్నీ నమ్మకూడదు. నాతో సహా."

"అక్షరాలా నిజం!" అన్నాడు భూలోకం. ఇన్నాళ్ళకు ఒక తెలివైనవాడు దొరికాడనిపించింది. ఉద్యోగం పోయిన సంగతి, క్వార్టరు ఖాళీ చెయ్యాల్సిన సంగతి, అబ్బులు పిలిచిన సంగతి అన్నీ చెప్పేశాడు.

పరంధామం పెదవి విరిచాడు. "మంచి పని చేశారు, వెనక్కి వచ్చేశారు. నాకొక చోటు తెలుసు. కొత్తగా పెంకుల ఫ్యాక్టరీ పెడుతున్నారు. మీలాంటివాళ్ళ కోసమే చూస్తున్నారు. కాని ఊరి పేరు చెప్పను. మీరెవరో నాకేం తెలుసు?"

అంతే, భూలోకం బతిమాలడం మొదలుపెట్టాడు. ఏలూరు దాకా బతిమాలించుకుని పరంధామం ఊరి పేరు చెప్పాడు. నల్లకుదురు. "ఎవరితోనూ అనకండి. పదిమంది ఎగబడతారు. లారీవాళ్ళని కూడా నమ్మడానికి లేదు, మీ సామాను నేనే దగ్గరుండి తీసుకెళ్తాను. మీరు కూడా లారీ ఎక్కితే అందరికీ తెలిసిపోతుంది. మర్నాడు బస్సులో రండి."

ఇంటికొచ్చి చెబితే వరాలమ్మ నోరు వెళ్ళబెట్టింది. "పక్కన కూర్చుని పనిచేసిన స్నేహితుణ్ణి నమ్మరు. రైల్లో మనిషిని నమ్ముతారా? ఈయన్ని కొట్టి చూశారా అసలు?"

"నన్ను కూడా నమ్మొద్దన్నాడే పిచ్చిదానా! అంతకన్నా నమ్మకస్తుడు ఎక్కడుంటాడు?"

ఇరవై ఎనిమిదో తారీఖున పరంధామం లారీ తెచ్చాడు. మంచాలు, బీరువా, వంటసామాను, వరాలమ్మ కుట్టుమిషను అన్నీ ఎక్కించారు. ఎక్కడికని ఇరుగుపొరుగు అడిగితే భూలోకం ఒకరికి విజయనగరం అన్నాడు, ఒకరికి ఖమ్మం అన్నాడు. మర్నాడు ముగ్గురూ బస్సెక్కి నల్లకుదురులో దిగారు. చుట్టూ మొక్కజొన్న చేలు. ఫ్యాక్టరీ లేదు, పునాది కూడా లేదు. కలుపు తీస్తున్న ఒకావిడ తలెత్తి, "ఫ్యాక్టరీ కోసమా అండీ? ఈ నెల్లో మీరు మూడోవాళ్ళండీ," అంది.

అయినా లారీ వస్తుందని భూలోకం బడి వరండాలో మూడు రోజులు కూర్చున్నాడు. నాలుగో రోజు పొద్దున వరాలమ్మ సంచీలోంచి అబ్బులు కార్డు తీసి అతని చేతిలో పెట్టింది. భూలోకం సిగ్గుతో చచ్చిపోయాడు. లేచి, ఇద్దర్నీ తీసుకుని గూడూరు రైలెక్కాడు.

గూడూరులో వాళ్ళని చూడగానే అబ్బులు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "గేటు దాకా వచ్చి వెళ్ళిపోయావని వాచ్‌మన్ చెప్పాడ్రా. ఏమైందోనని ముప్పయ్యో తారీఖున సెలవు పెట్టి మీ ఊరు వచ్చాను. ఇంటికి తాళం. ఒకరు విజయనగరం అన్నారు, ఒకరు ఖమ్మం అన్నారు. ఎక్కడని వెతకను? మధ్యాహ్నం దాకా మీ అరుగు మీదే కూర్చున్నాను. ఒకటో తారీఖున వేరే మనిషిని పెట్టేసుకున్నారు. ఇల్లు మాత్రం ఇంకా నీ కోసమే ఉంచాను."

ఆ ఇంటికి సున్నం వేసి ఉంది. మూలన కొత్త కుండ, దాని నిండా తియ్యటి నీళ్ళు. ఊళ్ళో నీళ్ళు ఉప్పనని అబ్బులు భార్య పొద్దున్నే రెండు మైళ్ళు వెళ్ళి మోసుకొచ్చి పెట్టేదట, ఇవాళ వస్తారేమో, రేపు వస్తారేమో అని. వరాలమ్మ ఆ కుండ పక్కన కూలబడి ఏడ్చింది.

భూలోకానికి అదే ఫ్యాక్టరీలో లారీలకు గొట్టాలు ఎత్తే పని దొరికింది. నీడలో స్టూలు మీద ఒక కుర్రవాడు కూర్చుని గొట్టాలు కొట్టి చూస్తుంటే, భూలోకం వాటిని ఎండలో మోసేవాడు. ఒకరోజు ఆ కుర్రవాడు ఖంగుమన్న గొట్టాన్ని పొరపాటున పగిలినవాటిలో వేశాడు. భూలోకం చప్పున దాన్ని తీసి ఇటు పెట్టాడు.

"ఖంగుమంది కదయ్యా! మంచిదాన్ని అటు పారేస్తావేం?" అన్నాడు. అని, తన మాట తనకే వినబడి, గొట్టం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

నీతి: మనిషిని పరీక్షించి చూడటం తప్పు కాదు. మంచివాడని తేలాక కూడా నమ్మనివాడు, చివరికి తన అనుమానానికి తలూపిన మోసగాడి చేతిలో పడతాడు.