ఊ కొట్టే మనిషి వాటా

ఏ రాజు కాలమో గానీ, కోనంపేట సంతలో పోలమ్మ కథలు చెప్పుకుని బతికేది. పక్కన కూర్చుని ఊ కొట్టేది ఆమె నేస్తురాలు లచ్చమ్మ. పెద్దతనం వల్ల పోలమ్మ కథ మధ్యలో మరిచిపోయి ఆగితే తర్వాతి మాట అందించేదీ ఆమే. అందుకే వచ్చిన రాబడిలో సగం ఆమెకు ముట్టేది.

ఆ ఏడు సుంకాధికారి మాధవరాయుడు వచ్చి, మొత్తం రాబడి మీద పన్ను కట్టమన్నాడు.

"సగం లచ్చమ్మదయ్యా. అంతా నాదేనని కడితే ఇద్దరం పస్తులే," అంది పోలమ్మ.

"ఊ కొట్టడం కూడా ఒక పనేనా? ఆ ఖర్చు నేనొప్పుకోను."

"అయితే ఆమె సాయం లేకుండా ఒక కథ వినండి," అని పోలమ్మ, చెరలో ఉన్న తల్లిని వెతుక్కుంటూ పోయిన కూతురి కథ ఎత్తుకుంది. కూతురు చెర తలుపు తోసిన చోట పోలమ్మ కథ ఆపేసింది.

అధికారి ముందుకు జరిగాడు. "లోపల తల్లి ఉందా?"

"గుర్తు రావడం లేదయ్యా. లచ్చమ్మకు తెలుసు."

"చెప్పవమ్మా."

"నా కూలి రెండు కాసులు," అంది లచ్చమ్మ.

అధికారి గబగబా సంచి విప్పి కాసులు చేతిలో పెట్టాడు. పెట్టాక తనకే నవ్వొచ్చింది. పన్ను సగానికి తగ్గించి రాసి, "ఇప్పుడైనా చెప్పు," అన్నాడు.

"ఉంది. కూతురి అడుగుల చప్పుడు ముందే గుర్తుపట్టింది."

ఆయన కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు.

"ఎంత బాగా నటించావే," అంది లచ్చమ్మ.

"నటిద్దామనే ఆపాను. ఆపాక నిజంగానే మరిచిపోయాను."

లచ్చమ్మ నవ్వలేదు. దగ్గరకు జరిగి, "మళ్లీ మొదటినుంచి చెప్పు. నేను ఊ కొడతాను," అంది.