సగం బకెట్టు నీళ్లు

వకుళకు ఇరవై ఏడేళ్లు. రోజూ స్నానానికి ముందు డంబెల్స్ ఎత్తుతుంది.

పల్నాడులో ఒక మిషన్ ఆసుపత్రిలో ఎముకల వైద్యం నేర్చుకుంటోంది. ఎముకల వైద్యంలో ఆడవాళ్లు తక్కువ. ఎముకలు మాత్రం ఆడవాళ్లకూ అన్నే ఉంటాయి. ఆ విభాగంలో సిస్టర్ శౌరమ్మ తర్వాత అడుగుపెట్టిన ఆడమనిషి వకుళే.

డంబెల్స్ ఎత్తితే చేతులు మగాడి చేతులైపోతాయని ఇంట్లో తల్లి దిగులు. ఎంత ఎత్తినా మగాడి చేతులు కావని ఆసుపత్రిలో సీనియర్ల నవ్వు. ఒకే జత చేతుల మీద ఇన్ని అభిప్రాయాలు.

ఒకరోజు బండి మీంచి పడ్డ కుర్రాడొకడు జారిపోయిన భుజంతో వచ్చాడు. వకుళ లాగింది. జుట్టు ముడి ఊడి మొహం మీద పడేదాకా లాగింది. కుర్రాడు అరిచాడు కానీ భుజం కదల్లేదు. చివరికి సీనియరు సుధీర్ వచ్చి, వాడి చంకలో మడమ ఆనించి, చెయ్యి పట్టి గుంజి, ఎముకను గూట్లోకి ఎక్కించేశాడు.

చేతులు దులుపుకుంటూ, "నువ్వు స్కిన్ బ్రాంచి తీసుకోవాల్సింది వకుళా. అక్కడ ఎవర్నీ లాగక్కర్లేదు" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నొప్పి తగ్గిన హుషారులో పేషెంటు కూడా నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే వకుళ సిస్టర్ గదికి వెళ్లింది.

సిస్టర్ శౌరమ్మ ఆ విభాగానికి పెద్ద. అరవై దాటిన డాక్టరు, క్రైస్తవ సన్యాసిని. ఎముకలు సరిచేసే మనిషి అంటే ఎవరూ నమ్మనంత పొట్టి, అంత పలచన. టీ సాసర్లో పోసుకుని తాగుతుంది. ఎవరొచ్చినా, ఎంత కొంప మునిగినా, సాసరు ఖాళీ అయ్యాకే లేస్తుంది.

"వెళ్లిపోతాను సిస్టర్. మధ్యాహ్నం బస్సుకి. వచ్చే ఏడు మళ్లీ పరీక్ష రాసి స్కిన్ తీసుకుంటా."

"టీ తాగావా?"

"లేదు."

సిస్టర్ సాసరు ముందుకు జరిపింది. వకుళ అందుకోబోయి ఆగిపోయింది. కుడి భుజం పట్టేసింది.

సిస్టర్ ఆ సాసరు తనే ఖాళీ చేసి, లేచి వకుళ వెనక్కి వచ్చింది. మెడకూ భుజానికీ మధ్యనున్న కండ మీద బొటనవేలు పెట్టి చూసింది.

"రాయిలా ఉంది. నిన్నటిదేనా?"

"ఊఁ."

"ఆ కుర్రాడిదీ ఇలాగే ఉండుంటుంది. రెండు రాళ్లు కలిసి లాక్కున్నారు."

వకుళకు నవ్వు రాలేదు. "బలం చాలట్లేదు సిస్టర్. ఏడాది నుంచి పెంచుతూనే ఉన్నా. అయినా చాలట్లేదు."

"ఏదీ, చెయ్యి మడిచి చూపించు ఎంత పెరిగిందో."

వకుళ సిగ్గుపడుతూనే ఎడమ చెయ్యి మడిచింది. కండ బాగానే లేచింది. సిస్టర్ దాన్ని మెచ్చుకోలుగా నొక్కింది. తర్వాత అదే చేతికి వెనకవైపు తట్టింది.

"ముందుది బిగిసింది. మరి ఇదేం చేస్తోంది?"

"వదిలేసి ఉంది."

"ఇది వదలనంటే?"

"ముందుది ఎంత లాగినా మోచెయ్యి సరిగ్గా మడవదు."

"ఫస్టియర్లో చదివింది మర్చిపోలేదన్నమాట" అంది సిస్టర్. మళ్లీ కుడి భుజానికి వచ్చి బొటనవేళ్లతో మెల్లగా రాస్తూ ఉండిపోయింది. ఇంట్లో ఎవరూ అలా రాసి చాలా రోజులైనందువల్లో ఏమో, వకుళ కళ్లలో నీళ్లు తిరిగాయి. సిస్టర్ వెనక ఉంది కాబట్టి చూడలేదు. చూసినా అడిగే మనిషి కాదు.

నర్సు తలుపు తోసింది. "సిస్టర్, మిర్చి యార్డు నుంచి హమాలీ. భుజం జారింది. ఎక్స్‌రే తీశాం, ఎముక విరగలేదు. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చాం."

"మధ్యాహ్నం కదా నీ బస్సు?" అంది సిస్టర్ వకుళతో. "ఇది చూసి వెళ్దువుగాని, పద."

హమాలీ ఏసోబు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. గోడంత మనిషి. గుండ్రంగా ఉండాల్సిన కుడి భుజం అంచు దగ్గర చదునై, కింద గుంట పడి ఉంది. ఒళ్లంతా మిరప ఘాటు. గదిలోకి వచ్చిన వాళ్లు వచ్చినట్టే తుమ్ముతున్నారు. పక్కనే అతని భార్య సువార్త కొంగుతో అతని నుదురు తుడుస్తోంది.

"తల్లీ, మీరే లాగండి" అన్నాడు సిస్టర్‌తో. "ఆ పాప వల్ల ఏమవుద్ది?"

"నీకు పాప అయితే ఏం, తాత అయితే ఏం" అంది సువార్త. "ముందా మూలుగు ఆపు. బస్తా జారిపడితే పక్కకి తప్పుకోవాలిగాని చెయ్యడ్డం పెడతారా ఎవరన్నా?"

"కాయలు చితికిపోతాయని..."

"ఇప్పుడు నువ్వు చితికావు."

సిస్టర్ అతని భుజం మీద చర్మం అక్కడక్కడా ముట్టుకుని, తెలుస్తోందా అని అడిగింది. మణికట్టు దగ్గర నాడి చూసింది. వకుళ వైపు తిరిగి, "చిన్న బకెట్టొకటి తీసుకురా. దూది, కట్టుగుడ్డ కూడా" అంది.

వకుళ కదల్లేదు. గొంతు తగ్గించి, "ఆ పద్ధతి నాకు తెలుసు సిస్టర్. పుస్తకంలో ఉంది. కానీ..." అంది.

"కానీ?"

"చేతకానివాళ్లు చేసేదంటారు."

"ఎవరంటారు?"

"సుధీర్."

"అతని భుజమెప్పుడైనా జారిందా?"

వకుళ బకెట్టు తెచ్చింది.

ఏసోబును బోర్లా పడుకోబెట్టారు. జారిన చెయ్యి బల్ల అంచు మీంచి కిందికి వేలాడింది. మణికట్టుకు దూది మెత్తగా చుట్టి, దాని మీద కట్టుగుడ్డతో వకుళ బకెట్టు కట్టింది. బకెట్టు నేలకు తగలకుండా గాల్లో ఆగింది. అందులో చెంబుతో కొద్దికొద్దిగా నీళ్లు పోసింది. సగం దాకా వచ్చాక సిస్టర్ చాలంది.

"చేత్తో పట్టుకోనా తల్లీ?" అన్నాడు ఏసోబు.

"వద్దు నాయనా. ఇవాళ నువ్వేం మొయ్యొద్దు."

ఆ మాటకు అతను తల పక్కకు తిప్పి సిస్టర్‌ను చూశాడు. ఎప్పుడూ ఎవరూ అనని మాటలా ఉంది అతనికి.

సిస్టర్ స్టూలు జరుపుకుని కూర్చుంది. టీ తెప్పించుకుంది. "చూపు బకెట్టు మీద కాదు. చెయ్యి అతని భుజం కండ మీద పెట్టు" అంది వకుళతో.

వకుళ అరచెయ్యి ఆనించింది. లోపల మోకులా బిగిసి ఉంది.

"ఎందుకు బిగిసింది?"

"నొప్పికి. ఎముకని ఎవరూ కదపకుండా కాపలా కాస్తోంది."

"ఊఁ. దాని తప్పేం లేదు." సిస్టర్ సాసర్లో ఊదుకుంది. "ఆ కండలో వేల పోగులు. మామూలుగా అన్నీ ఒక్కసారి పని చెయ్యవు. వంతులేసుకుంటాయి. నువ్వు గుంజావనుకో, అన్నీ కలిసి లేస్తాయి. గుంజకుండా బరువు పెడితే, ఒక్కొక్కటే అలిసి జారుకుంటాయి."

వకుళ అరచేతి కింద ఎక్కడో చిన్నగా వణుకు మొదలైంది. ఒక చోట ఆగి, ఇంకో చోట. ఆమెకు పుస్తకంలో చదివిన పోగులు చర్మం కింద నుంచి వచ్చి తన చేతికి తగులుతున్నట్టు ఉంది.

అప్పుడే సుధీర్ లోపలికి వచ్చాడు. ఒకసారి తుమ్మి, బకెట్టు చూశాడు.

"ఏంటిది వకుళా, నీళ్లు తోడుతున్నావా? చెబితే నిమిషంలో చేసేవాణ్ణిగా."

సిస్టర్ తల ఎత్తలేదు. "నిన్నటి కుర్రాడి పక్కటెముకల మీద నీ మడమ అచ్చు ఉంది నాయనా. వెళ్లి చూసిరా. కొత్త చెప్పులు కుట్టించుకోడానికి ఆ కొలత సరిపోతుంది."

సుధీర్ నవ్వేశాడు. వెళ్లలేదు. తలుపుకు చేరబడి నిలబడ్డాడు.

వకుళకు అతని చూపు వీపు మీద తెలుస్తోంది. ఇంకాస్తే, ఇంకొంచెం సాయం చేస్తే వచ్చేస్తుంది అనిపించింది. ఏసోబు మోచెయ్యి పట్టుకుని ఒక్కసారి కిందికి గుంజింది.

ఏసోబు కేక పెట్టాడు. బకెట్టు ఊగి నీళ్లు ఒలికాయి. వకుళ చేతి కింద కండ మళ్లీ మోకైపోయింది.

సువార్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుధీర్ ఒక అడుగు ముందుకేసి, "సిస్టర్, నేను..." అన్నాడు.

సిస్టర్ చెయ్యి ఎత్తి అతణ్ణి అక్కడే ఆపింది. ఖాళీ సాసరు నర్సుకు ఇచ్చి, "ఇంకో టీ" అంది.

వకుళ చెవులు ఎర్రబడ్డాయి. కిందికి వంగి, ఒలికిన నీళ్లకు సరిపడా మళ్లీ చెంబుతో పోసింది. బకెట్టు ఊగడం ఆగేదాకా పట్టుకుంది. తర్వాత వెనక్కి తిరిగి చూడకుండా అరచెయ్యి మళ్లీ కండ మీద పెట్టింది.

ఈసారి ఆ గదిలో సుధీర్ లేడు. అంటే, ఉన్నాడు. ఆమెకు లేడు.

మోకు. తర్వాత వణుకు. తర్వాత వణుకు కూడా అక్కడక్కడే. ఏసోబు మూలుగు సన్నబడింది. పొద్దున చీకటితో యార్డుకు వెళ్లిన మనిషి, ఇంజెక్షన్ మత్తు ఒకపక్క, బోర్లా పడుకున్న హాయి ఒకపక్క. మెల్లగా గుర్రు మొదలైంది.

"పోయాడా ఏంటి?" అంది సువార్త.

"నిద్రపోయాడు" అంది వకుళ.

"పెళ్లయిన కాడ్నుంచి పగలు నిద్రపోవడం చూళ్లేదమ్మా."

వకుళ చేతి కింద కండ, పిండి ముద్దలా, వదిలేసింది. లోపల ఏదో పెద్దది నెమ్మదిగా దొర్లింది. టక్కుమని ఒక చిన్న చప్పుడు. చప్పుడు కన్నా, అది అరచేతికి తెలిసింది.

ఏసోబు గుర్రు ఒకసారి ఆగి, మళ్లీ సాగింది.

వకుళ నీళ్ల బరువు ఒక చేత్తో మోస్తూ రెండో చేత్తో కట్టు విప్పింది. భుజం గుండ్రంగా ఉంది. మళ్లీ నాడి చూసి, భుజం మీద చర్మం ముట్టుకుంటే తెలుస్తోందా అని లేపి అడిగింది. తెలుస్తోందన్నాడు. ఎక్స్‌రేకు పంపమని నర్సుకు చెప్పింది.

"అయిపోయిందా? ఎవరు లాగారు?" అన్నాడు ఏసోబు.

"ఎవరూ లాగలేదు" అంది సువార్త. "పాప చెయ్యి పెట్టుకుని నుంచుంది. నువ్వు గుర్రు పెట్టావు. గుంజినందుకు ఒక్కసారి అరిచావు, అది పాప తప్పే."

"నా తప్పే" అంది వకుళ.

సుధీర్ బకెట్టు వైపు చూస్తున్నాడు. "సగమే పోశావా?" అని అడిగాడు, ఈసారి మామూలు గొంతుతో. వకుళ తలూపింది. అతను వెళ్లిపోయాడు. నిన్నటి కుర్రాడి వార్డు వైపే వెళ్లాడు.

సిస్టర్ రెండో టీ పూర్తి చేసి వరండాలోకి వచ్చింది. వకుళ బకెట్టు పట్టుకుని వెనకే వచ్చింది. ఏదో అడగాలని ఉంది. సంతోషంగానే ఉంది, కానీ ఆ సంతోషంలో ఒక ముల్లు.

"అంటే మళ్లీ ఓపికే కదా సిస్టర్" అంది. "మా అమ్మమ్మకీ అదే చెప్పారు. అమ్మకీ అదే చెప్పారు. నాకూ మాటలు వచ్చినప్పట్నుంచీ అదే చెబుతున్నారు. ఓపిక పట్టు, అదే సర్దుకుంటుంది అని. మీరు కూడానా?"

సిస్టర్ ఆగి, ఆమె మొహంలోకి చూసింది. ఏడాదిగా ఈ పిల్ల అడిగిన వాటిల్లో ఇదే సరైన ప్రశ్న అన్నట్టు, ముద్దుగా చూసింది. కుడి భుజం మీద మళ్లీ బొటనవేలు పెట్టి నొక్కింది. కండ వదులైంది.

"ఓపిక పట్టమని నేనెక్కడ చెప్పాను?" అంది. "బకెట్టు కట్టమన్నాను."

రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, "ఆ నీళ్లు పారబొయ్యకు. మందారానికి పొయ్యి" అంది.

వకుళ నీళ్లు మందారానికి పోసింది. పోస్తుండగానే రోడ్డు మీద మధ్యాహ్నం బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది.

చదువయ్యాక ఆమె ఒక పెద్దాసుపత్రిలో చేరింది. ఆడ డాక్టరుకు వారంలో ఒక ఆపరేషన్ల రోజు ఇవ్వడం కుదరదన్నాడు అక్కడి ముఖ్య వైద్యుడు. రోజూ పొద్దున్నే ఆయన గదికి వెళ్లి, ఎదురు కుర్చీలో కూర్చుని, అదే మాట అదే గొంతుతో అడిగి, లేచి వార్డుకు వెళ్లేది. ఎండాకాలంలో మొదలుపెట్టింది. వానలు పడేనాటికి ఆమెకు బుధవారం ఇచ్చారు.

ఇప్పుడు గురువారం కోసం వెళ్తోంది.